గోడచూపు

"ఆవిడ గంటసేపు కూర్చుంది. కాసిని మంచినీళ్ళయినా ఇవ్వలేదేం?" అని కళ్ళజోళ్ళ దుకాణం పెద్దాయన అడిగేసరికి కొలతలమ్మ ఫ్రేములు తుడవడం ఆపింది.

"ఎవరు బాబాయ్?"

"అద్దం పక్క కుర్చీలో ఆవిడ. బూడిదరంగు బట్టలు, తలకు గుడ్డ. నువ్వు ఆవిడ మోకాళ్ళ మీంచి చెయ్యి చాపి ఫ్రేముల పెట్టె తీసుకున్నావు. చూస్తున్న నాకే సిగ్గేసింది."

మధ్యాహ్నమంతా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఆమె ఒట్టేసి చెప్పగలదు. కొలతలమ్మ అని తనకు ఆ పేరు పెట్టిందే ఈ పెద్దాయన. కప్పులో టీ కూడా కొలిచిగానీ తాగదని ఆటపట్టిస్తుంటాడు. ఇదీ అలాంటి వేళాకోళమే అనుకుని నవ్వి ఊరుకుంది. కానీ కొట్టు కట్టేసేముందు కుర్చీ జరుపుదామని చెయ్యి వేస్తే, కూర్చునే చోటు వెచ్చగా తగిలింది.

బూడిదరంగు బట్టలంటే సంఘం. ఆమె పుట్టిందీ, ముప్ఫై నాలుగేళ్ళు బతికిందీ అందులోనే. బయటికొచ్చి మూడేళ్ళయింది. వదిలి వెళ్ళినవాళ్ళను సంఘం కొట్టదు, తిట్టదు. చూడదు, అంతే. దానికి గోడచూపు అని పేరు. వెళ్ళిపోయిన మనిషి ఎదురుపడితే వెనకున్న గోడను చూడాలి, మధ్యలో ఏమీ లేనట్టు. ఇది ఊరికే అబ్బదు. పిల్లలను వరసగా కూర్చోబెట్టి, వాళ్ళలో ఒకరి కన్నతల్లిని తెచ్చి ఎదురుగా కుర్చీలో పెడతారు. ఆవిడ పిలుస్తుంది, బతిమాలుతుంది, చివరికి నిజంగానే ఏడుస్తుంది. రెప్ప కదలని పిల్లకు మిఠాయి ఇస్తారు. ఇలాంటి పాడుపని ఎవరు చేయిస్తారంటారా? కొలతలమ్మే చేయించింది, పదకొండేళ్ళు. ఆమెలా నేర్పేవాళ్ళు లేరని మంచి పేరు కూడా తెచ్చుకుంది.

ఆమె బయటికి నడిచిన రోజు గేటు దగ్గర అక్క నిలబడి ఉంది. తల్లి పోయాక ఒళ్ళో పెట్టుకుని పెంచిన అక్క. ఆ అక్క ఆమెను దాటి వెనకున్న గోడను చూసింది. ఆ చూపు ఎంత నిఖార్సుగా ఉందో ఏడుస్తూనే గమనించింది చెల్లెలు. పంతులమ్మ బుద్ధి మరి, ఎక్కడికి పోతుంది.

మర్నాడూ అదే జరిగింది, ఆ మర్నాడూ అదే. ఆమెకు ఖాళీ కుర్చీ, పెద్దాయనకు కూర్చున్న మనిషి. మూడో రోజు ఆయన గొంతు తగ్గించి, "పాపం, గడ్డం కింద ఎంత మచ్చో, అరచేతంత. చిన్నప్పుడు కాలినట్టుంది" అన్నాడు.

ఆ మచ్చ ఆమెకు తెలుసు. చిన్నప్పుడు తన మీద ఒలకబోయిన మరుగునీళ్ళకు అక్క అడ్డం వస్తే పడిన మచ్చ అది.

ఆదివారం సాయంత్రాలు బయటికొచ్చినవాళ్ళంతా మాస్టారి ఇంట్లో కలుస్తారు. ఆయన ఒకప్పుడు సంఘంలో పేరున్న బోధకుడు. ఈ గుంపే లేకపోతే మొదటి ఏడాది ఆమెకు పిచ్చెక్కేదే. అన్నం పెట్టారు, గది చూపించారు, ఏడిస్తే పక్కన కూర్చున్నారు. వాళ్ళకున్న నియమం ఒక్కటే. లోపలివాళ్ళతో మాట్లాడకూడదు, మాట్లాడినవాళ్ళు మళ్ళీ ఇక్కడికి రాకూడదు. మనం వేరు, వాళ్ళు వేరు. ఆ మాట ఆమెకు పాత చెప్పుల్లో కాళ్ళు పెట్టినంత హాయిగా ఉండేది.

జరిగిందంతా చెప్పింది. ఎవరైనా భయపడతారనుకుంది. చప్పట్లు కొట్టారు.

"ఇంతకంటే ఏం కావాలమ్మా" అన్నారు మాస్టారు, ఆమె తల మీద చెయ్యి వేసి. "వాళ్ళు నీ కంటికి ఆనడం మానేశారంటే నీకు పూర్తిగా విడుదల దొరికినట్టే."

ఆ చెయ్యి కిందినుంచి ఆమె తల పక్కకు జరిపింది. సరిగ్గా ఈ మాటే, ఇంత నెమ్మదిగానే, చేతిలో మిఠాయి పెడుతూ పిల్లలకు చెప్పేది తను.

"ఆవిడ మా అక్క, మాస్టారూ. మాట్లాడితే ఏమవుతుంది?"

"ఏమీ కాదు. ఈ ఇంట్లో నీకు చోటుండదు, అంతే" అన్నారాయన, ఎంతో ప్రేమగా.

వెళ్ళొస్తానని లేస్తుంటే గోడవారగా ఒక కుర్చీ కనిపించింది. ఖాళీ కుర్చీ. పోయిన నెల తండ్రి అంత్యక్రియలకని సంఘంలోకి వెళ్ళొచ్చినతను అక్కడే కూర్చునేవాడు. అది నిజంగా ఖాళీయేనా అని చెయ్యి పెట్టి చూడటానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

సోమవారం మధ్యాహ్నం పెద్దాయన కళ్ళతోనే చెప్పాడు, వచ్చిందని. కుర్చీలో ఎవరూ లేరు. కొలతలమ్మ స్కేలు తీసుకుని కుర్చీకి ఎదురుగా ముక్కాలిపీట వేసుకుంది. అద్దాలు బిగించాలంటే రెండు నల్లగుడ్ల మధ్య ఎడం కొలవాలి. ఆ పని చేసేటప్పుడు ఆమె ఎవరి మొహమూ చూడదు. వచ్చింది ఎవరివాళ్ళో, ఏ గుడ్డ కట్టారో ఆలోచించదు. గుడ్లే చూస్తుంది.

"కదలకండి" అని ఖాళీ కుర్చీతో చెప్పి, ముక్కు ఉండాల్సిన ఎత్తులో స్కేలు పెట్టింది. అది గాల్లో దేనిమీదో ఆగింది. ఊపిరికి సన్నగా అదురుతోంది. ఆమె చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి స్కేలు మీద రెండు నల్లచుక్కలు కనిపించాయి, ఉత్త చుక్కలు. తర్వాత వాటి చుట్టూ గోధుమరంగు, రెప్పలు, గడ్డం కింద మచ్చ. అక్క ముసలిదైపోయింది.

"అక్కా."

అక్క పెద్దాయన వైపు తిరక్కుండానే, "అయ్యా, ఇక్కడ మా చెల్లెలు పనిచేస్తుందని విన్నాను. లోపల ఎవరికీ చెప్పకుండా రోజూ వస్తున్నాను. ఇవాళా రాలేదా?" అని అడిగింది.

ఆయన మొహం పాలిపోయింది. "నీ ఎదురుగానే ఉంది కదమ్మా."

"ఎదురుగా గోడేగా ఉంది బాబూ. ముక్కు మీద మాత్రం ఏదో చల్లగా తగులుతోంది."

అద్దాల తలుపు అవతల ఆదివారం గుంపులో ఇద్దరు ఆగారు. లోపలికి తొంగి చూసి బూడిదరంగు బట్టలు గుర్తుపట్టారు. వాళ్ళ చూపు కొలతలమ్మ తల మీంచి మెల్లగా వెనక గోడకు పాకింది. పాకనీ అనుకుని స్కేలు సరిచేసుకుంది.

స్కేలు మీద అరవై మూడు మిల్లీమీటర్లు ఉంది. అది దూరపు లెక్క, గోడను చూసే కళ్ళ లెక్క. అదే మనిషి దగ్గరున్న మొహాన్ని చూస్తే రెండు గుడ్లూ కలిపి మూడు మిల్లీమీటర్లు లోపలికి జరుగుతాయి. అవి ఎటు చూస్తున్నాయో స్కేలు దగ్గర దాచడం కుదరదు.

"నా ఎడమ కంట్లోకి చూడక్కా."

అరవై మూడు.

"నేను పిల్లలకు నేర్పింది పాపం. బయటికొచ్చి కూడా అదే చేశాను. నువ్వు ఎదురుగా కూర్చుంటే నిన్ను గోడను చేశాను."

అరవై మూడు. ఆమె భుజం లాగేస్తోంది. పెద్దాయన వెళ్ళి తలుపు మీద 'మూసివేయబడినది' బోర్డు తిప్పి, గల్లాపెట్టె వెనక్కి పోయి చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు.

అరవై రెండు. మళ్ళీ మూడు. అక్క కళ్ళలో నీళ్ళు నిండి నల్లగుడ్లు సరిగా కనిపించడం లేదు. కొలతలమ్మ తన కొంగుతో వాటిని అద్ది, స్కేలు మళ్ళీ పెట్టింది.

అరవై రెండు. అరవై ఒకటి. అరవై.

"చిక్కిపోయావే" అంది అక్క.