దుమ్మా, పొగా?

నీటికాకులు పదకొండు, తెల్లకొంగలు ముప్పయ్యారు. ఇబ్రహీంపట్నం చెరువు కట్టమీద నిలబడి, రత్నమాల బైనాక్యులర్స్ దించి చిన్న నోటుబుక్కులో అంకెలు రాసుకుంది. మోకాలికి పట్టీ, కాస్త పైకి దోపిన కుచ్చెళ్ళు. ఇరవై ఏళ్ళుగా తెల్లవారగానే ఇదే పని. ఎందుకని అడిగితే, "ఉన్నది ఉన్నట్టు చూడటం అలవాటు కావాలి కదండీ" అనేది.

ఇంటికొచ్చి, రాత్రంతా బరువు కింద పెట్టిన లైబ్రరీ పుస్తకాన్ని తీసింది. మైదా జిగురు ఆరింది, దాని వెన్ను గట్టిపడింది. చినిగిన పుస్తకాలు కుట్టడం ఆమెకు మరో సరదా.

తెనాలి నుంచి ఇక్కడికి తత్వశాస్త్రం చెప్పడానికి వచ్చి ముప్పైమూడేళ్ళు. అప్పుడు తరగతిలో నలభైమంది. ఇప్పుడు మిగిలింది మంచాల అనే ఊరి నుంచి బస్సులో వచ్చే హిమజ ఒక్కతే. ఈరోజు రత్నమాల పదవీవిరమణ. ఆమెతోపాటే కాలేజీలో ఆ సబ్జెక్టూ ముగుస్తుంది.

పదకొండింటికి కాలేజీలో ప్రిన్సిపల్ పరమేశ్వర్ ఎదురొచ్చాడు. "శాలువా తెప్పించిన మేడం. అందరు కూసున్నరు."

"సాయంత్రం పెట్టుకోండి. ఒక పాఠం మిగిలిపోయింది."

"ఒక్క పిల్ల గద మేడం!"

"ఒక్కతే అని పరీక్ష సగమే పెట్టరు కదండీ."

తరగతి గదిలో అప్పటికే కంప్యూటర్ల బల్లలు దించుతున్నారు. ఇద్దరూ మేడమెట్ల మీద కూర్చున్నారు. హిమజ ముఖం వాడిపోయి ఉంది.

"సోమవారం పేపర్ పోతే, బాపు ఇగ చదువు బంద్ అంటుండు మేడం."

"పోనివ్వను" అంది రత్నమాల, సుద్దముక్కతో మెట్టుమీద కొండ గీస్తూ. "కొండమీద పొగ కనిపించింది. నిప్పు ఉందని ఎలా చెబుతావ్?"

"పొగ ఉన్నకాడ నిప్పుంటది. వంటింట్ల చూసినం గద." హిమజ మెట్టుమీది కొండబొమ్మ మీదికి వంగింది. "గని మేడం, మా తొవ్వల రోజు గట్లనే లేస్తది. పొగ అనుకుంటం. దగ్గరికి పోతే దుమ్ము. ప్లాట్లకు టిప్పర్లు తిరుగుతయ్ గద. మరి గది పొగనేనా అని ముందుగాల చూడొద్దా?"

రత్నమాల చేయి ఆగిపోయింది. ఏటా ఆ పాఠంలో ఈ సందేహం తనే లేవనెత్తి, తనే తీర్చేది. ఒక్క పిల్లా తనకంటే ముందు అక్కడికి రాలేదు.

"మళ్ళీ చెప్పు" అంది.

హిమజ మళ్ళీ చెప్పింది, ఈసారి భయం లేకుండా.

"ఇదే రాయి పరీక్షలో. టిప్పర్లతో సహా రాయి."

మధ్యాహ్నం దాటింది. సభకు పిలవడానికి అటెండర్ ఐలేష్ రెండుసార్లు వచ్చి, పాఠం చూసి తిరిగిపోయాడు. ఆఖరి ప్రశ్నకు హిమజ పుస్తకం చూడకుండా జవాబు రాసి ఇచ్చేదాకా రత్నమాల లేవలేదు.

నాలుగున్నరకు సభ జరిగింది. అప్పటికే సగంమంది వెళ్ళిపోయారు, సమోసాలు చల్లారాయి. ఆమె రెండు మాటలు మాట్లాడి, శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది. గేటు దగ్గర హిమజ కాళ్ళకు దండం పెట్టబోతే భుజం పట్టి ఆపి, "బస్సు పోతుంది, నడువమ్మా" అంది. తను ఆటో ఎక్కింది. వెనక్కి తిరిగి చూడలేదు.

తన గదికి తాళం వేయబోతూ పరమేశ్వర్, బల్లమీద ఆమె అప్పగించి వెళ్ళిన హాజరుపట్టీ తెరిచాడు. నలభై గీతలున్న పేజీ. మొదటి గీతమీద ఒకే పేరు, దానికెదురుగా నెలపొడవునా ఒక్క గడీ ఖాళీ లేదు.