చేతికింది ఫ్రేము

వరంగల్ చౌరస్తాలో మాది చీరల దుకాణం. ముప్పై ఏళ్లుగా గద్దె మీద కూర్చుని నేను ఒకే రకం మనుషులను లోలోపల తిట్టుకుంటూ వస్తున్నాను. వంద చీరలు విప్పించి, రంగు ఎండలో చూడాలని గుమ్మం దాకా పట్టుకెళ్లి, అంచు నలిపి, వాసన కూడా చూసి, "మళ్లొస్తం అన్నా" అంటూ చెప్పులేసుకునే రకం. వాళ్లు మెట్లు దిగుతుంటే నాకు బీపీ ఎక్కేది. అలాంటిది ఈ మధ్య మూడు శనివారాలు నేనే ఆ రకంగా తయారయ్యాను. చీర కోసం కాదు, సైకిల్ ఫ్రేము కోసం.

నాకు నలభై తొమ్మిదేళ్లు. నేనూ, నా చిన్ననాటి దోస్తు సారంగపాణీ నాలుగేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే హనుమకొండ నుంచి రఘునాథపల్లి దాకా సైకిళ్లు తొక్కి, అక్కడ చాయ్ తాగి వెనక్కి వస్తాం. వాడిది విత్తనాల దుకాణం. మా ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే కొలత. కాలేజీ రోజుల్లో ఒకే చొక్కాను మార్చి మార్చి వేసుకున్న వాళ్లం. సైకిల్ మీద మాత్రం వాడు ఎప్పుడూ నాకంటే అర కిలోమీటరు ముందుంటాడు. వెనక్కి తిరిగి కూడా చూడడు.

కిందటి నెల రఘునాథపల్లిలో చాయ్ తాగి లేవబోతే నా నడుము పట్టేసింది. సారంగపాణికి చెబితే పరువు పోతుందని, గేరు విరిగిందని అబద్ధమాడి వాణ్ని ముందు పొమ్మన్నాను. ఆ తర్వాత పోశయ్య అనే ఆయన గూడ్స్ ఆటోలో, టమాటా ట్రేల మధ్య, సైకిల్‌ను ఒళ్లో పెట్టుకుని ఇంటికి చేరాను. మా ఆవిడ నవనీత గేటు దగ్గర నిలబడి నేను దిగడం మొత్తం చూసింది.

"ఇంకొక్కసారి గిట్ల ఆటోల వచ్చినవనుకో, ఆ సైకిల్‌ను అదే ఆటోల ఎక్కిచ్చి తోలేస్త. ఇగ నీ తొక్కుడు బంద్," అంది.

నవనీత ఉత్త బెదిరింపులు చేసే మనిషి కాదు. మా ఇంట్లో ఉండే ట్రెడ్‌మిల్ అలాగే వెళ్లిపోయింది. సైకిల్ పోతే నేను చచ్చిపోనుగానీ, బతికినంత కాలం చిరాకు పడుతూ బతుకుతాను. "ఇంకోటి చూపియ్" అనే మాట వారం మొత్తంలో నా చెవిన పడనిది ఆ ఆదివారం పొద్దుటే మరి.

నక్కలగుట్టలో సైకిళ్ల దుకాణం నడిపే శ్రీలత నా పాత సైకిల్‌ను చూసి, చక్రాలూ గేర్లూ బాగానే ఉన్నాయి, ఫ్రేము ఒక్కటి మారిస్తే చాలంది. నా కొలతలో ఆమె దగ్గర రెండు కార్బన్ ఫ్రేములున్నాయి. ఒకటి రేసుది. నల్లగా నిగనిగలాడుతూ, రెండు వేళ్లతో లేపేంత తేలిగ్గా ఉంది. కానీ దాని మీద బాగా ముందుకు వంగి, చేతులు చాపి తొక్కాలి. రెండోది దూర ప్రయాణాలకు చేసింది. బూడిద రంగు. ముందు భాగం కాస్త ఎత్తు కాబట్టి నడుము మీద భారం పడదు. బరువు మాత్రం పిడికెడు పప్పంత ఎక్కువ.

నడుము అనేది ఉన్న ఏ మనిషైనా రెండోదే తీసుకోవాలి. నేనూ తీసుకునేవాణ్నే. కానీ శ్రీలత దాన్ని నా ముందు పెట్టి, "ఇది మీకు మస్తు కంఫర్ట్‌గ ఉంటది అంకుల్," అంది.

అంకుల్! నాకు సాయం చేస్తానని వెంట వచ్చిన సారంగపాణి కిసుక్కున నవ్వాడు. "గది రిటైరైనోళ్లకు రా. గా నల్లదాన్ని చూడు. నీ పర్సనాలిటీకి గదే సూటయితది. దాని మీద పోతాంటే రోడ్డు రోడ్డంత నిన్నే చూస్తది," అన్నాడు.

ఆ మాటతో నా నడుముకూ పరువుకూ తగువు మొదలైంది.

కార్బన్ అంటే నారతో నేసిన బట్టే అని విన్నాక నాకు ధైర్యం వచ్చింది. పడుగూ పేకా ఉన్న సరుకు విషయంలో నన్ను మోసం చేసేవాడు ఇంకా పుట్టలేదు. రెండు ఫ్రేములనూ గుమ్మంలోకి మోసుకెళ్లి ఎండలో చూశాను. బొటనవేలితో రుద్దాను. నల్లదాని నేత ఎంత సన్నగా ఉందో!

"అంకుల్, ఆ కనిపించే నేత ఉత్త పైపొర. అసలు బలం లోపలి పొరలల్ల ఉంటది," అంది శ్రీలత.

అంటే కొంగు చూసి చీర కొనొద్దని నాకే చెబుతోంది. ఆ ముక్క నేను ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. ఆ రోజుకు తేల్చుకోలేక లేచాను. తీరా మెట్ల దగ్గరికి వచ్చాక గుర్తొచ్చింది, ఆ పొద్దున ఆమె దుకాణం తెరిచాక వచ్చిన మొదటి గిరాకీని నేనే. బోణీ చేయకుండా దిగిపోయే వాళ్లను ముప్పై ఏళ్లు తిట్టుకున్న నోరు నాది. కాళ్లు కదల్లేదు. వెనక్కి వెళ్లి ఒక నీళ్ల సీసా కొన్నాను. మరుసటి శనివారం కూడా తేలలేదు, ఇంకో సీసా, ఒక సైకిల్ గంట కొన్నాను. మధ్యలో బుధవారం ఒకసారి ఊరికే చూసిపోదామని వెళ్లి రెండు సీసాలు పట్టుకొచ్చాను. నవనీత వాటిని వరసగా వంటింటి గట్టు మీద పేర్చి, "సైకిల్ ఎప్పుడొస్తది మరి?" అని అడిగింది.

మూడో శనివారానికి గడువు ముంచుకొచ్చింది. సాయంత్రంలోగా ఒకటి తీసుకోకపోతే రెండింటినీ హైదరాబాద్ వాపస్ పంపేస్తానంది శ్రీలత. దాంతో కైలాసాన్ని వెంట తీసుకెళ్లాను. కైలాసం మా నాన్న కాలం నుంచీ మా దుకాణంలో చీరలు చూపించే మనిషి. "గిరాకీ నోరు వినొద్దు సేటూ, చెయ్యి చూడాలె," అని నాకు నేర్పింది ఆయనే. సారంగపాణి మాకంటే ముందే అక్కడికి వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. నా మీద ఇంత ప్రేమ ఏమిటా అనుకున్నాను.

కైలాసం స్టూలు మీద కూర్చున్నాడు. నేను నల్ల ఫ్రేమును అరగంట సేపు పొగిడాను. దాని రంగు, దాని బరువు, దాని వంపు. నేను ఆగిన చోట సారంగపాణి అందుకున్నాడు. కైలాసం ఒకసారి ఆవలించాడు.

"సేటూ, గా బూడిద రంగుది ప్యాక్ జేపియ్యుండ్రి."

"అది కావాలని నేనెప్పుడన్న?" అన్నాను చిరాగ్గా.

"నోటితోటి అనలే. అరగంట సంది దాని మీదికెళ్లి చెయ్యి తీస్తలేరు."

కిందికి చూసుకున్నాను. నిజమే. నా ఎడమ చెయ్యి బూడిద రంగు ఫ్రేము పై గొట్టాన్ని ఐదు వేళ్లతో పట్టుకుని ఉంది. నాకు సిగ్గేసింది. అంతకంటే వింత ఏమిటంటే, దాని పక్కనే అదే గొట్టం మీద ఇంకో చెయ్యి ఉంది. పగడపు ఉంగరం ఉన్న చెయ్యి. ఆ చేతి తాలూకు నోరు, "నల్లదే మస్తుంటది రా," అని ఇంకా చెబుతూనే ఉంది.

మా దుకాణానికి తోడికోడళ్లు వచ్చినప్పుడు ఇది నేను వెయ్యిసార్లు చూశాను. ఒకావిడ తనకు నచ్చిన చీర రెండో ఆవిడ కంట పడకుండా, వేరేదాన్ని "నీకు మస్తుగుంటది అక్కా" అని ఆవిడకు అంటగడుతుంది. ఆ నాటకం నా మీదే మూడు వారాలు నడిస్తే నేను కనిపెట్టలేకపోయాను.

"నువ్వెందుకు పట్టుకున్నవ్ రా దీన్ని?" అన్నాను.

"ఊకెనే," అని సారంగపాణి ఫ్యాను వైపు చూశాడు.

"నాకు నల్లది అంటగట్టి ఇది నువ్వు తీస్కపోదామనుకున్నవా?"

శ్రీలత నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి సీసాలు సర్దడం మొదలుపెట్టింది. నాకు కోపం రావాల్సింది. ఎందుకో రాలేదు, దాచిదాచి అలసట మాత్రం వచ్చింది.

"నాకు నడుం నొస్తాంది రా," అనేశాను. "ఆ రోజు గేరు ఇరగలే."

"నాకెరుక లేదా? గేరు ఇరిగినోడు కుర్చీ పట్టుకొని లేస్తడా?" అని వాడు చొక్కా కాస్త పైకెత్తాడు. లోపల జానెడు వెడల్పు నడుము బెల్టు. "రెండేండ్ల సంది ఇది పెట్టుకొనే తొక్కుతాన. నువ్వేమో నేను ఫాస్టనుకుంటవ్. మధ్యల ఆగి దిగితే మళ్ల ఎక్కరాదు, అందుకే ఆగకుంట పోత."

నాలుగేళ్లు వాడి వీపు చూస్తూ తొక్కాను. ఆ వీపు నొప్పితో ముందుకు పోతోందని ఒక్కనాడూ అనుకోలేదు. మా రెండు చేతులూ ఇంకా ఫ్రేము మీదే ఉన్నాయి.

"హైదరాబాద్‌ల ఇసొంటిదే ఇంకోటున్నది అంకుల్, వారంల వస్తది," అంది శ్రీలత.

ఆమె ముఖం వైపు అనుమానంగా చూశాను. ఇద్దరికి ఒకే చీర నచ్చినప్పుడల్లా "ఇట్లాంటిది గోదాంల ఇంకోటున్నది" అనడం నాకు అలవాటు. మాకు గోదామే లేదు. కానీ ఆ పిల్ల అప్పటికప్పుడు ఫోను చేసి, స్పీకరు పెట్టి మా ముందే మాట్లాడింది. నిజంగానే ఉంది. కైలాసం నా వైపు చూశాడు, నేను సీసాల వైపు చూశాను.

సారంగపాణి ముందుగా చెయ్యి తీశాడు. "బోణీ నీది. నువ్వు తీస్కో. నాకు బెల్టన్న ఉన్నది," అన్నాడు.

రెండు వారాల తర్వాత ఆదివారం ఇద్దరం ఒకే రకం బూడిద రంగు సైకిళ్ల మీద బయలుదేరాం. కాలేజీ పిల్లలందరూ మమ్మల్ని దాటుకుని పోయారు. సారంగపాణి మొదటిసారి నా పక్కనే తొక్కాడు, నొప్పి వచ్చినప్పుడు వచ్చిందని చెప్పి ఆగాడు. రఘునాథపల్లిలో నాలుగు చాయ్‌లు తాగాం. తిరుగు దారిలో స్టేషన్ ఘన్‌పూర్ దాటాక వెనక నుంచి ఒక గూడ్స్ ఆటో వచ్చి పక్కన నెమ్మదించింది.

"సేటూ, ఎక్కుతరా? ఇయ్యాల జాగ మస్తుగున్నది," అన్నాడు పోశయ్య.

"వద్దు!" అని ఇద్దరం ఒకేసారి అరిచాం. పోశయ్య నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

ఇంటికి చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. నవనీత గేటు దగ్గర నిలబడి నన్ను కాకుండా నా వెనక రోడ్డును చూస్తోంది.

"ఆటో ఏది?" అంది.

"ముందుపోయింది," అన్నాను.

ఆమె గేటు రెండు రెక్కలూ తీసి, సైకిల్‌ను నా చేతిలోంచి తీసుకుని, తనే లోపలికి నడిపించుకెళ్లింది.