నల్ల పట్టీ తీయండి

వణుకుడు జబ్బుతో బాధపడిన మా చెల్లి పోయి నాలుగేళ్లయింది. కదలికల జబ్బుల వైద్యుల సంఘం ఏటా జరిపే సభలో మాత్రం ఆమె ఇంకా నడుస్తూనే ఉంది. కొత్త డాక్టర్లు ఆ వీడియో చూసి రోగి నడకను పోల్చుకోవడం నేర్చుకుంటారట. ఈసారి చూపించడానికి అనుమతి కావాలని సంఘం కార్యదర్శి ఫోన్ చేస్తే, ముందు నేను చూడాలన్నాను.

సభకు ముందురోజు ఖాళీ హాల్లో కార్యదర్శి వీడియో పెట్టాడు. తెర మీద చెల్లి కనిపించింది. కళ్ల మీద నల్ల పట్టీ. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు తడబడుతోంది. పెదవులు ఆడుతున్నాయి గానీ శబ్దం లేదు.

"గొంతేదీ?"

"తీసేశాం. సంఘం నియమమమ్మా. రోగిని ఎవరూ గుర్తుపట్టకూడదు. మాకు నడక చాలు."

ఎవరు గడప దాటినా మళ్లీ చూస్తానో లేదోనని వాళ్ల ఆఖరి మాట దాచుకునే పిరికిదాన్ని నేను. ఈ వీడియో తీసిన రోజు డాక్టరు గది తలుపు దగ్గర ఏడుస్తూ నిలబడ్డాను. చెల్లి నావైపు తిరిగి ఏదో అంది. ఏడుపులో వినిపించుకోలేదు. మర్నాడు పక్షవాతం వచ్చి దానికి మాట పడిపోయింది.

లేచి వెళ్లి తెరకు అడ్డంగా నిలబడ్డాను. చెల్లి నా ఒంటి మీద నడుస్తోంది.

"పక్కకు రండమ్మా."

"రాను. బయట గోడ మీద మీ నియమాలు చదివాను. బడికి వెళ్లకపోయినా చదవడం వచ్చు నాయనా. కుటుంబం ఒప్పుకుంటే ముఖం చూపించొచ్చట. ఒప్పుకుంటున్నా. పట్టీ తీయండి, గొంతు పెట్టండి. లేదంటే వీడియోనే వద్దు."

"ఆవిడ ఒప్పుకునేవారా మరి?"

"అదా? నోరు మూయించిన వాళ్లను బతకనిచ్చేదా!"

కార్యదర్శి తల గోక్కుని అసలు వీడియో పెట్టాడు. చెల్లి మాట ముద్దగా ఉంది. వెటకారానికి మాత్రం ఏ జబ్బూ లేదు.

"నన్ను నడవమని మీరు కూర్చున్నారేంటి డాక్టరుగారూ? ఆ పొట్ట చూస్తే నడవాల్సింది మీరే!"

ఆ డాక్టరు ఈ కార్యదర్శే. గబుక్కున పొట్ట లోపలికి పీల్చుకున్నాడు.

తెర మీద చెల్లి తలుపువైపు తిరిగింది.

"ఏడుపాపవే అక్కా. నడిచేది నేనైతే నీకా కాళ్లనొప్పులు?"

ఆ ముక్క మళ్లీ పెట్టించుకుని విన్నాను.

"ఇలాగే చూపిస్తామమ్మా," అన్నాడాయన మెల్లగా. "ఇంటి దగ్గర దింపమంటారా?"

"దింపండి. రేపు మళ్లీ వస్తా. ముందువరసలో కుర్చీ వేయించండి. దాని గొంతు తగ్గించారో, ఊరుకునేది లేదు."