ఖాళీగా తిరిగిన మిల్లు

ఆదోనిలో మా పేటకు గోడ అవతలే జిన్నింగ్ మిల్లు. ఆ మోతలోనే వంట చేస్తాం, ఆ మోతలోనే మొగుళ్లతో పోట్లాడతాం. మోత తగ్గిందంటే పత్తి తగ్గినట్టు, పని పోయినట్టు. ఇక గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి వలస పోవాల్సిందే. దాన్ని మేం సుగ్గి అంటాం. టీవీలో వాళ్లు మాంద్యం వస్తుందా రాదా అని కొట్టుకుంటూనే ఉంటారు. మాకు ఆ గోడ చెప్పిందే చాలు, ఇన్నేళ్లూ అది అబద్ధమాడలేదు.

దీపావళి దాటగానే ఓనరు మిల్లులో పనిచేసే మా ఆడవాళ్లందరినీ పిలిచాడు. మిషన్లకు రిపేరుంది, అయ్యాక కబురు పెడతానన్నాడు. రెండు రోజులకే మోత మొదలైంది. హమ్మయ్య, ఇక పిలుస్తాడు అనుకున్నాం.

అప్పుడే సుగ్గి బండి వచ్చింది. మా ఆయన నాగేష్ బియ్యం మూట భుజానేసుకుని నిలబడ్డాడు.

"పోదాం పా పద్మా. ఎమ్మిగనూరులో మగ్గాలు నిల్సిపోయినాయంట. మా అన్న ఫోన్ చేసినాడు. నేసిన చీరలే అమ్ముడుపోకపోతే ఈడ దూది ఎవునికి గావాల?"

"నీకేమన్నా చెవుడా? మిల్లు ఇనపడ్లేదా? మన ఇందు పదో తరగతి. దాన్ని ఎత్తుకపోయి మిరప చేన్లో ఏస్తావా?" అని అరిచాను.

పక్కింటి ఫాతిమా బీ కూడా నా మాటే అంది. బండి మమ్మల్ని వదిలేసి పోయింది. మళ్లీ బండి రాదు. కూలీల మేస్త్రి తనకు కావలసిన మనుషుల్ని ఒక్కసారే ఎక్కించుకుని పోతాడు.

కబురు రాలేదు. మోత మాత్రం ఆగలేదు. ఇంట్లో బియ్యం అడుగంటాయి.

"మనల్ని మాన్పించి వేరేవాళ్లని పెట్టుకున్నాడేమో పద్మా" అంది ఫాతిమా బీ.

నాకు ఒళ్లు మండింది. ఆ సాయంత్రమే ఇద్దరం పోయాం. గేటు దగ్గర ఎవరూ లేరు. నేరుగా షెడ్డులోకి నడిచాం.

మిషన్లన్నీ గడగడా తిరుగుతున్నాయి. పత్తి లేదు, మనిషి లేడు. ఎప్పుడైనా ఆ షెడ్డులో కాలు పెడితే దూది పీచు పడి తల తెల్లబడుతుంది. ఆ రోజు నా జుట్టు మీద ఒక్క పీచు కూడా వాలలేదు.

"యా అల్లా! ఉత్తగా తిప్పుతాండారే!" అంది ఫాతిమా బీ.

పక్కనే ఆఫీసు గదిలో ఓనరు, మిల్లుకు అప్పులిచ్చే బ్యాంకాయన టీ తాగుతున్నారు.

"బజారంతా డల్లుగా ఉంది. మీ కరెంటు వాడకం మాత్రం ఏం తగ్గలేదు. అప్పు ఇవ్వాలంటే మేం మొదట చూసేది అదే సార్" అంటున్నాడు బ్యాంకాయన, మోతకు మించి గొంతు పెంచి. ఓనరు ముసిముసిగా నవ్వుతున్నాడు.

ఓహో, అదా సంగతి! ఈ బ్యాంకాయన కోసం వాయించిన మేళానికి మేం మోసపోయామన్నమాట. ఓనరును వాకిట్లోకి పిలిచి అడిగాను.

"పత్తి లేదని ఒక్క మాట ఎందుకు చెప్పలేదప్పా? సుగ్గి బండి పోయింది కదా!"

"నేను మిమ్మల్ని పోవద్దన్నానా? కబురు పెడతానన్నా, పెట్టలేదు. మోత ఇని మీరే నిల్సిపోతే నాదా తప్పు? నా మిల్లు, నా కరెంటు. నీకేమమ్మా?" అన్నాడు, ఆ మోతలో లోపలి బ్యాంకాయనకు వినపడకుండా.

"నీ నోట్లో మన్ను బడ! మా పిల్లోల్ల కూడు గదరా అది!"

ఒక్క పరుగున షెడ్డులోకి పోయి మెయిన్ స్విచ్ కిందికి లాగాను. మోత చచ్చిపోయింది. బ్యాంకాయన గ్లాసుతోనే బయటికొచ్చి, ఖాళీ మిషన్ల వంక, ఓనరు వంక మార్చి మార్చి చూశాడు.

"ఏందండీ ఇది?" అన్నాడు.

ఓనరు ముఖం మాడిపోయింది. "స్విచ్ ఎయ్యి పద్మమ్మా. రేపట్నుంచి పనికి రా. నీకొక్కదానికి ఇస్తాలే" అని దగ్గరికొచ్చి నా చెవిలో గొణిగాడు. సిగ్గు లేని మనిషి!

గోడ అవతల పేటలో టకటకా తలుపులు తెరుచుకుంటున్నాయి. ఏమైంది, మిల్లు నిల్సిపోయిందా అని అరుస్తున్నారు. అందరికంటే గట్టిగా మా ఇందు గొంతు వినిపించింది.

"అమ్మా! ఇంగ బడి మాన్కోవాల్నా?"

ఓనరు స్విచ్ కోసం చెయ్యి చాచాడు. ఆ చేతిని ఒక్క తోపు తోసి, స్విచ్‌కు వీపు ఆనించి నిలబడ్డాను. ఫాతిమా బీ వచ్చి నా పక్కన నిలబడింది.