ప్రసంగ వేదిక మీద పొగాకు పీట

నేను ఒక పీటను. మొహం తిప్పుకుంటే తిప్పుకోండి, నాకేం పోదు. పొగాకును వేడితో ఆరబెట్టే బ్యారన్ కొట్టం ఒకటి కూల్చేస్తే, దాని తలుపు చెక్కతో ఒంగోలు దగ్గర ఒక వడ్రంగి నన్ను చేశాడు. గ్రేడింగు షెడ్డులో ఎలిసమ్మ నామీద కూర్చునే పొగాకు ఆకులు ఏరి, కూతురు నయోమిని పెంచింది. ఆ ఘాటు నా ఒంట్లో ఇంకిపోయింది.

నయోమికి పాస్టరు కావాలని పట్టుదల. అందుకోసం ఒక చిన్న క్రైస్తవ వేదాంత కళాశాలలో చేరింది. అక్కడి మందిరంలో ఒక ఆనవాయితీ ఉంది. మగవాళ్ళు మెట్లెక్కి వేదిక మీద నుంచి ప్రసంగిస్తారు. ఆడవాళ్ళు కింద నిలబడి, దేవుడు తమకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పుకుంటారు. ఆ మెట్లు శనివారం శనివారం ఊడ్చేది మాత్రం ఆడవాళ్ళే. చీపురుతో ఎక్కితే దేవుడికి అభ్యంతరం లేదు కాబోలు.

చివరి ఏడాది కమిటీ ముందు ప్రసంగ పరీక్ష. అది గట్టెక్కితేనే పాస్టరు పని. ప్రిన్సిపాల్ దయానందం గారు మంచివారే. అటూ ఇటూ ఎవరినీ నొప్పించకుండా మాట్లాడటం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య.

"వేదిక ముందున్న అడ్డగోడ నీ ముక్కుదాకా వస్తుందమ్మా. ఎవరికీ కనపడవు. కింద మైకు పెట్టిస్తాను, సాక్ష్యంలాగా చెప్పు."

"అట్టా చెబితే ప్రసంగం పాసని రాస్తారా అండీ?"

"అది వేరమ్మా."

"అయితే పైనుంచే చెబుతాను."

ఆమె నన్ను తెమ్మని ఇంటికి కబురు పెట్టింది. పరీక్షనాడు ఎలిసమ్మ నన్ను చంకన పెట్టుకుని బస్సు దిగింది. నయోమి నన్ను వేదిక మీద వేసిందో లేదో, కమిటీ పెద్ద తిమోతి గారు ముక్కు మూసుకున్నారు.

"పొగాకు కంపు. దేవుడి వేదిక మీదనా?"

"ఇదే వాసనతో మా అమ్మ వారం వారం కానుక వేసిందండీ. అప్పుడు ఎవరికీ కంపు కొట్టలేదు."

ఆయన నన్ను ఎత్తి తీసుకెళ్ళి వెనక వరసలో ఎలిసమ్మ ఒళ్ళో పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. చెక్కనే కావచ్చు, అవమానం తెలియనంత మొద్దును కాను.

ఎలిసమ్మ లేచింది. అందరూ చూస్తుండగా నడిచి వెళ్ళి, మెట్లెక్కి, నన్ను మళ్ళీ అక్కడే వేసింది. నేల నున్నగా ఉండి నేను జారాను. ఆమె నా పక్కనే వేదిక నేలమీద చతికిలబడి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

"ఎక్కమ్మాయ్. నేను పట్టుకుంటాలే."

నయోమి ఎక్కింది. ముక్కుదాకా వచ్చే అడ్డగోడ ఇప్పుడు ఆమె భుజాల కిందికి దిగింది. బైబిలు తెరిచి ప్రసంగం మొదలుపెట్టింది. ప్రసంగం ముగిసేదాకా ఎలిసమ్మ చేతులు వదల్లేదు. ఒక వేదిక మీద ఇద్దరు ఆడవాళ్ళు, అదీ చీపురు లేకుండా. మందిరం కూలలేదు.

కమిటీ చాలాసేపు గుసగుసలాడి, చివరికి ప్రసంగం పాసని రాసింది. తిమోతి గారు మెట్ల దగ్గరికి వచ్చారు.

"పని అయిపోయిందిగా. ఇక నీ పీట తీసుకెళ్ళు."

నయోమి నన్ను వేదిక మీదే గోడవారగా జరిపి, చేతులు దులుపుకుంది.

"నా తర్వాత వచ్చే అమ్మాయి నాకంటే పొట్టిదైతే ఎట్టాగండీ?"