ఒడ్డు మీద ఒక్క పూట

డబ్బున్నవాళ్ళు షికారు ఎంచుకునే తీరు చూడాలి. పిల్ల పెళ్ళిసంబంధానికి కూడా అంత తర్జనభర్జన ఉండదు. ఓడలో టూర్ల కౌంటరు ముందు శ్రీనివాసరాజు గారు, ఆయన భార్య సుభాషిణి ఎంతసేపటి నుంచో నిలబడి ఉన్నారు. దుబాయిలో బయల్దేరిన ఆ ఓడ ఆదివారం బహ్రెయిన్‌లో ఆగుతుంది. ఒక్క పూట ఒడ్డున తిరగడానికి మూడు ట్రిప్పులున్నాయి. ఎడారిలో ఒంటరిగా నిలిచిన ముసలి చెట్టు ఒకటి, మ్యూజియమూ బజారూ కలిపి ఒకటి, బుదైయా వైపు బీచి ఒకటి. రాజుగారికి చెట్టు కావాలి. నీళ్ళు లేనిచోట అన్నేళ్ళు ఎలా బతికిందో ఫోటో తీసి భీమవరం స్నేహితులకు పంపాలి. సుభాషిణికి బజారు కావాలి. దుబాయిలో కాపురం ఉంటూ, బంగారం ధర బహ్రెయిన్ వెళ్ళి అడగాలన్న కోరిక ఎందుకు పుడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

వాళ్ళ వెనకాల మూడేళ్ళ పిల్లను చంకనేసుకుని కృపమ్మ నిలబడి ఉంది. పిల్లను చూసుకోవడానికి ఆమెను కూడా ఓడ ఎక్కించారు. పైకి చూస్తే ఆమెకు ఏ ట్రిప్పైనా ఒకటే. చెట్టు దగ్గరైనా పిల్లను మొయ్యాల్సిందే, బజార్లోనైనా మొయ్యాల్సిందే. కాని ఆ మూడింటిలో ఒక్కదాని మీదే ఆమె ప్రాణమంతా ఉంది. బుదైయాలో ఒక తోటలో ఆమె భర్త తోమా పనిచేస్తున్నాడు. అతన్ని చూసి ఆరేళ్ళయింది.

తోమా కఫీల్ దగ్గర్నుంచి, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర్నుంచి, పారిపోయిన మనిషి. తల్లి చనిపోతే సెలవివ్వని కఫీల్ దగ్గర ఎవడుంటాడు? యజమాని ఊరుకోలేదు, దొంగతనం కేసు పెట్టాడు. ఇలా పారిపోయి బతికేవాళ్ళను గల్ఫులో కల్లివల్లి అంటారు. వాళ్ళకు గుర్తింపు కార్డుండదు, ఆస్పత్రి ఉండదు. తోమా దొరికితే ఇంటికి పంపరు, జైల్లో వేస్తారు. అందుకే తోట దాటి బయటికి రాడు. ఈలోగా షుగరు కళ్ళకెక్కింది. పోయిన నెల, తనతోపాటు తోటలో ఉండే ముసలయ్య ఫోనులోంచి మాట్లాడాడు.

"కళ్ళు ఆనట్లేదే. ఎదురుగా మనిషున్నట్టు తెలుస్తుంది గానీ, ఎవరో పోల్చుకోలేకపోతున్నాను. ఇంకొన్నాళ్ళకి నీ మొకం కూడా ఆనదేమో. ఈలోపల ఒక్కసారి చూడాలనుందే."

ఆ మాట విన్నప్పటి నుంచి కృపమ్మకు ముద్ద దిగలేదు. రాజుగారింట్లో ఓడ మాట మొదలైనప్పుడు ఆమె దాన్ని దేవుడి పిలుపే అనుకుంది. రెండు ఓడలున్నాయి. ఒకటి బహ్రెయిన్‌కు శుక్రవారం చేరుతుంది, ఒకటి ఆదివారం. సుభాషిణి ఎటూ తేల్చుకోలేకపోతుంటే కృపమ్మే ఉల్లిపాయలు తరుగుతూ ఒక మాట వేసింది.

"ఆదివారం అయితే బావుంటదండీ అమ్మగారూ. అయ్యగారికి సెలవు కలిసొస్తది."

ఆమె ఆలోచన వేరు. దుబాయిలో కొన్నేళ్ళుగా ఆదివారమే సెలవు. ప్రార్థన కూడా ఆ రోజే. సెలవు రోజున పోలీసులైనా కాస్త కాళ్ళు చాపుకుని కూర్చుంటారు, రోడ్డు మీద కార్డు అడిగేవాడుండడు అనుకుంది. కూడికలో చేతులెత్తి స్తోత్రం కూడా చెప్పింది.

ఇప్పుడు ట్రిప్పు సంగతి మిగిలింది. అయ్యగారిని అడగలేదు, అమ్మగారిని అడగలేదు, సరాసరి రాజ్యమేలేవాళ్ళ దగ్గరికే వెళ్ళింది. ఓడ ఎక్కిన దగ్గర్నుంచి పిల్లకు అన్నం తినిపిస్తూ ఇసుక గూళ్ళ కథలు చెప్పింది, జోకొడుతూ గవ్వల కథలు చెప్పింది. పీతలకు పెళ్ళి కూడా చేసింది. దాని ఫలితం ఇప్పుడు కౌంటరు దగ్గర కనబడింది. రాజుగారు చెట్టు బొమ్మ మీద వేలు పెట్టగానే పిల్ల "ఇసుక! పీత పెళ్ళి!" అని రాగం అందుకుంది. ఆ రాగానికి అటుపక్క లైనులో వాళ్ళు కూడా వెనక్కి తిరిగారు.

"సరే లెండి, బీచికే పోదామండి. దీని నోరు మూతపడితే అదే పదివేలు," అన్నారు రాజుగారు.

కృపమ్మ పిల్ల నెత్తిన ముద్దు పెట్టుకుంది. పసిపిల్లను అడ్డం పెట్టుకున్నానే అని ఒక్క క్షణం సిగ్గుపడింది కూడా. నిజం చెబితే సరిపోయేది కదా అనుకోవచ్చు. నిజానికి అక్కడ చోటు లేదు. పనిలో చేరేటప్పుడు ఏజెంటు నేర్పిపెట్టాడు, మొగుడు లేడని చెప్పు, విధవలనైతే ధ్యాస ఇంటిమీద ఉండదని తొందరగా పెట్టుకుంటారు అని. తోమా పోయాడని ఆమె తన నోటితోనే చెప్పింది. అప్పుడు సుభాషిణి జాలిపడి ఒక చీర కూడా ఇచ్చింది. ఇప్పుడు మొగుడున్నాడు, పైగా కల్లివల్లి, పైగా దొంగతనం కేసు అని తెలిస్తే మర్నాడే విమానం ఎక్కిస్తారు. పాలకొల్లులో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతున్న కూతురు దీవెన చదువు అక్కడితో ఆఖరు.

ఆదివారం పొద్దున ఓడ రేవులో ఆగేసరికి ఉత్తరపు గాలి లేచింది. చలికాలంలో ఆ గాలికి ఇసుక మొహాన కొట్టినట్టు వస్తుంది. బస్సులన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. టూరు కంపెనీ మనిషి వచ్చి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. సుభాషిణి పెదవి విరిచింది.

"బీచి లేదంట కృపమ్మా. గాలి ఎక్కువగా ఉందని మానేశారంట. చెట్టు దగ్గరికే తీసుకెళ్తారంట. మీ అయ్యగారి పంతమే నెగ్గింది."

ఆదివారం పొద్దున బీచి దగ్గరికి రమ్మని కృపమ్మ ఓడెక్కకముందే తోమాకు చెప్పి ఉంచింది. తోమా ఈపాటికి బీచికి బయల్దేరుతుంటాడు. తన దుబాయి సిమ్ము ఇక్కడ పనిచెయ్యడం లేదు. బస్సు డ్రైవరు పక్కవాడితో తెలుగులో మాట్లాడటం చెవినపడి అతని దగ్గరికి పరుగెత్తింది. జగిత్యాల వైపు మనిషి, పేరు పరమేశ్.

"బాబూ, ఒక్క ఫోను చేసుకోనిస్తావా? మా అన్నయ్య ఉన్నాడిక్కడ."

"గంత బతిమాలుడెందుకక్కా. తీస్కో," అన్నాడతను.

పిల్లను బస్సు చాటుకు తీసుకెళ్ళి, ముసలయ్య ఫోనుకు చేసి తోమాతో మాట్లాడింది. చెట్టు ఎక్కడో దక్షిణాన ఉందని, అక్కడికి నువ్వు రాలేవని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమెకు రేవు గేటు కనబడింది.

"గేటు కాడ బస్సు ఆపి చూసి పంపుతున్నారయ్యా. మధ్యాన్నం తిరిగొచ్చేటప్పుడు అక్కడ, రోడ్డవతల నుంచో. అద్దంలోంచైనా చూసుకుందాం. ఆదివారం గదా, ఎవరుంటారు?"

అవతల కాస్త ఆగి, "వస్తానులే," అన్నాడు తోమా.

బస్సు ఊళ్ళోకి వచ్చింది. రోడ్డు నిండా కార్లే. డ్రైవరు వెనక సీటులో కూర్చున్న కృపమ్మ కిటికీలోంచి చూస్తూ ఉంది. పక్కన ఒక బడి బస్సు ఆగింది, నిండా యూనిఫారాలు వేసుకున్న పిల్లలు.

"ఇదేంటి బాబూ, ఆదివారం కూడా బడేనా?"

"మీ దుబాయిల ఐతారం సెలవు గావచ్చక్కా. ఈడ శుక్రారం, శనారమే సెలవు. ఐతారం అందరికి డ్యూటీనే. చెకింగోల్లు గూడ పొద్దుగాల్నుంచే రోడ్ల మీద ఉంటరు."

కృపమ్మ ఇన్నేళ్ళు గల్ఫులో ఉండి, గల్ఫంతా దుబాయే అనుకుంది. శుక్రవారం ఓడను కాదని ఆదివారం ఓడను ఏరి కోరి తెచ్చుకుంది తనే. మూడు ట్రిప్పుల్లోంచి బీచిని ఎంత తెలివిగా లాగింది! ఆ తెలివి కాల్చనా అని తనను తనే తిట్టుకుంది.

చెట్టు దగ్గర అందరూ ఫోటోలు దిగుతున్నారు. రాజుగారు చెట్టును కావలించుకుని మరీ దిగారు. కృపమ్మ మళ్ళీ పరమేశ్ ఫోను అడిగింది. ఈసారి ముసలయ్య ఎత్తాడు.

"ఎప్పుడో బయల్దేరాడమ్మా. గడ్డం గీసుకుని, నా చొక్కా తొడుక్కుని మరీ ఎల్లాడు. ఆదివారం గదరా, పట్టుకుంటారురా అని మొత్తుకున్నాను. దాన్ని చూడ్డానికి నాకింకో శుక్రవారం రాదురా అన్నాడు."

అంటే తెలిసే వచ్చాడు. ఫోనులో కాస్త ఆగింది అందుకన్నమాట. కృపమ్మ పిల్లను కింద దింపి చెట్టు వైపు తిరిగి ఏడ్చింది. ఇసుక పడిందా అని సుభాషిణి అడిగితే అవునంది. తిరిగి వెళ్తున్నంతసేపూ ఒకటే ప్రార్థన. ప్రభువా, అతను గేటు దగ్గర ఉండకూడదు. నన్ను చూడకపోయినా ఫరవాలేదు. తోటకు వెళ్ళిపోయుండాలి.

బస్సు రేవు గేటు దగ్గర ఆగింది. రోడ్డు పక్కన పోలీసు జీపు ఉంది. దాని పక్కన, మనిషికి వదులైన గళ్ళ చొక్కాలో, తోమా ఉన్నాడు. జుట్టు నెరిసిపోయింది. గాలికి కళ్ళు చికిలించి బస్సు వైపే చూస్తున్నాడు గాని, ఆ చూపు ఏ కిటికీ దగ్గరా ఆగడం లేదు.

మాటలు తర్జుమా చెయ్యమని పోలీసు పరమేశ్‌ను పిలిచాడు. ఇంత మంచివాడై పుట్టకపోయినా బాగుండేది రాజుగారు, "మనవాడిలాగున్నాడు పాపం" అంటూ తనూ దిగారు. కాసేపటికి ఆయన కేక వినబడింది.

"కృపమ్మా, ఒకసారి ఇలా రా. ఇతను మీ పాలకొల్లు వైపు వాడంట. కార్డు లేదు, ఎవరికోసం వచ్చాడో చెప్పడంట. మీ ఊళ్ళో ఎరిగినవాడేమో చూడు, ఇంటికైనా కబురు చెబుదాం."

పిల్లను ఎత్తుకుని దిగింది. చెయ్యి చాపితే అందేంత దూరం. తోమా మొహం ఆమె మీదుగా వెళ్ళి ఎటో ఆగింది. అతనికి ఒక ఆకారం మాత్రం కనబడుతున్నట్టుంది. ఆరేళ్ళు ఎదురుచూసిన మొహం, కత్తి తెగి గడ్డం మీద నెత్తుటి చార ఆరిపోయిన మొహం. పరమేశ్ తలెత్తలేదు. అతనికి అర్థమైపోయింది.

"తెలుసా?" అన్నారు రాజుగారు.

"తెలీదండీ," అంది కృపమ్మ.

ఆ గొంతు వినగానే తోమా తల ఇటు తిరిగింది.

"ఆ అమ్మకి నేనెలా తెలుస్తానండీ బాబూ, ఊరికే ఓడ చూద్దామని వచ్చాను," అన్నాడు రాజుగారితో. తర్వాత మెల్లగా, "ఏమీ అనుకోకపోతే ఆవిణ్ణి ఇంకో రెండు ముక్కలు మాటాడమనండి. మావైపు ఆడవాళ్ళ మాట విని శానా ఏళ్ళయింది," అన్నాడు.

పోలీసు యల్లా, ఇక పద అని జీపు తలుపు తీశాడు. కృపమ్మ పిల్లను గుండెకు అదుముకుని, పిల్ల మొహంలోకి చూస్తూ గట్టిగా మాట్లాడింది.

"అన్నం తిన్నావా నాన్నా? నాకోసం ఎండలో నుంచున్నావా? కళ్ళు నలుపుకోకు, ఎక్కడున్నా సరే మందడిగి వేసుకో. చదువు సంగతి నేను చూసుకుంటాలే. దిగులు పెట్టుకోకు. తప్పంతా నాదే, నీది కాదు. నేనొస్తాను, ఎన్నేళ్ళైనా వస్తాను."

"నా కళ్ళు బానే ఉన్నాయి ఆయమ్మా," అంది పిల్ల.

తోమా కళ్ళు మూసుకుని విన్నాడు. "చాలమ్మా," అన్నాడు. జీపు మెట్టు కనబడక కాలు తడబడితే పోలీసే రెక్క పట్టి ఎక్కించాడు.

బస్సు కిటికీలోంచి సుభాషిణి పిలిచింది. "కృపమ్మా, పిల్లకి గాలి కొడుతోంది, లోపలికి రా."

కృపమ్మ పిల్ల చెవులకు కొంగు కప్పి బస్సెక్కింది.