ప్యాంట్రీ అవతల లియుజౌ

సాయంత్రం ఏడు కాగానే అమెరికాలోని ట్రాయ్‌లో మనీషా బియ్యం బస్తా పక్కకి జరిపి ప్యాంట్రీ వెనక తలుపు తీస్తుంది. ఆ అవతల చైనా. లియుజౌ అనే ఊళ్ళో, పద్దెనిమిదో అంతస్తులో, ఆమె మొగుడు శ్యామ్‌సుందర్ వంటగది. అక్కడ అప్పుడే తెల్లారి ఉంటుంది. ఇటు ఈమె రాత్రికి కూర తాలింపు వేస్తుంటే, అటు ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి నిలబడతాడు. మాసిన బట్టలు ఇటు అందిస్తాడు, పప్పు గిన్నె అటు తీసుకుంటాడు. ఐదేళ్ళ కృతి గడపకి ఇవతల కూర్చుని స్కూల్లో వేసిన బొమ్మలు చూపిస్తుంది.

ఆ తలుపు ఆయన అక్కడ ఇరుక్కుపోయిన వారంలో వచ్చింది. ఇంటి ఓనర్‌కి చెబితే, సందుల్లోంచి చలి గాలి వస్తుంటే మెయింటెనెన్స్‌కి కాల్ చేయమన్నాడు. పక్కింటి కనకదుర్గ ఆంటీకి మాత్రం వాసన నచ్చలేదు. "అల్లుడూ, పొద్దున్నే ఆ నత్తల నూడుల్సేంటయ్యా? మా ఇంట్లోకి కూడా కొడుతోంది!" అని ముక్కు మూసుకునేది.

అసలు తప్పు శ్యామ్‌దే. కార్ల పార్టుల కంపెనీ రెండు వారాల పనికి పంపింది. బుద్ధిగా పని చూసుకుని రావచ్చు కదా! పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా అయిపోయింది, తిరిగి రావాలంటే కొత్తది కొట్టించుకోవాలి. "హైదరాబాద్‌లో స్లాట్లు దొరికి చావట్లేదు మనీ. ఎలాగూ ఇక్కడున్నాను, స్టాంపింగ్ ఇక్కడే కానిచ్చేస్తా," అన్నాడు. మనవాళ్ళ తెలివితేటలు ఇలాగే ఏడుస్తాయి. ఒక్క టికెట్‌తో రెండు పనులూ అయిపోవాలి. ఇంటర్వ్యూలో అమెరికా కాన్సులేట్ ఆఫీసరు కంప్యూటర్ వంక కాసేపు చూసి, అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్ అన్నాడు. అంటే ఆగమని. ఎన్నాళ్ళంటే ఎవరూ చెప్పరు. చలికాలం పోయి ఎండాకాలం వచ్చింది, శ్యామ్ అక్కడే ఉన్నాడు.

ఊరు చెడ్డదేం కాదు. అద్దె ఎంత తక్కువంటే, మొదటి నెల ఏదో పొరపాటు పడ్డారనుకున్నాడు. కిటికీలోంచి చూస్తే ఒక వంపు తిరిగిన నది, అపార్ట్‌మెంట్ల మధ్య పొడుచుకొచ్చిన కొండలు, వాటి వెనక ఫ్యాక్టరీల పొగగొట్టాలు. రోడ్డు నిండా బొమ్మల్లాంటి బుల్లి కార్లు. నూడుల్స్ కొట్టావిడ ఇతను కనిపించగానే మాంసం తీసేసి గిన్నె పెడుతుంది, ఫోన్‌లో ఏదో మాట్లాడి వినిపిస్తుంది. ఆ ఫోన్ ఇంగ్లీషులో, "మీ భార్య ఎప్పుడు వస్తుంది?" అని అడుగుతుంది. శ్యామ్ నవ్వి డబ్బులిచ్చి వచ్చేస్తాడు. ఇంత మంచిగా చూసే ఊరిలో కూడా, ఆదివారం పూట నోరు తెరిచి మాట్లాడే మనిషి లేక చచ్చిపోయేవాడు.

మరి ఆ తలుపులోంచి ఇటు వచ్చేయొచ్చు కదా అంటారా? ఎలా వస్తాడండీ! దేశంలోకి వచ్చినట్టు ఐ-94 కాగితం ఉండదు, ఎంట్రీ రికార్డ్ ఉండదు. రేపు గ్రీన్ కార్డ్ దగ్గర "ఏ ఎయిర్‌పోర్ట్‌లో దిగావు?" అంటే, ప్యాంట్రీలో అని చెబుతాడా? ఒకసారి కృతికి దోసె తినిపిస్తూ శ్యామ్ కాలి బొటనవేలు గడప దాటింది. ఇద్దరూ హడలిపోయి లాయర్‌కి ఫోన్ చేశారు. లాయర్ ఆలోచించి, "వేలు ఎంట్రీ కిందకి రాదనుకుంటా. కానీ పాదం మాత్రం పెట్టనివ్వకండి," అన్నాడు. మనీషా అటు వెళ్ళడానికీ లేదు, ఆమెది శ్యామ్ వీసా మీద బతికే వీసా, దాటితే ఆమెకీ ఇదే గతి. అందుకని మొగుడు అటు, పెళ్ళాం ఇటు కూర్చుని, గడప మధ్యలో పచ్చడి సీసా పెట్టుకుని తినేవాళ్ళు.

"నాన్నా, జస్ట్ ఒక్క స్టెప్ వెయ్యి. ఐ వోంట్ టెల్ ఎనీవన్," అనేది కృతి.

"వేయకూడదు తల్లీ."

"వై?"

దాని పుట్టినరోజుకి కూడా అటు నుంచే చప్పట్లు కొట్టాడు.

ఆ శుక్రవారం మనీషా పూరీలకి నూనె పెట్టింది. ముందు తలుపు దగ్గర డెలివరీ వాడు బెల్ కొట్టాడు, సంతకం కావాలన్నాడు. ఆమె ముందు గదిలోకి వెళ్ళగానే కృతి స్టూలు లాక్కుని పొయ్యి దగ్గర ఎక్కింది. నాన్నకి పూరీ తనే చేసి ఇవ్వాలని దాని సరదా.

"కృతీ, దిగు! దిగమ్మా!" శ్యామ్ గొంతు చించుకుని అరిచాడు. "మనీ! పొయ్యి దగ్గర పాప!"

మనీషాకి వినబడలేదు. స్టూలు ఒరిగింది. కృతి పడిపోతూ బాణలి చెవి పట్టుకుంది.

శ్యామ్ దూకేశాడు. పిల్లని ఒక చేత్తో లాగి, రెండో చేత్తో బాణలిని అవతలికి నెట్టాడు. నూనె అతని మోచేతి మీదుగా నేలంతా పారింది. మనీషా పరుగెత్తుకొచ్చేసరికి మొగుడు వంటింట్లో ఉన్నాడు. పిల్లకి చిన్న బొబ్బ కూడా లేదు. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఎంత ఏడ్చారో! కృతి మధ్యలో నవ్వింది కూడా. నాన్న మెడ దొరికింది కదా దానికి.

కాసేపటికి చూస్తే ప్యాంట్రీ వెనక తలుపు లేదు, ఉత్త గోడ. కనకదుర్గ ఆంటీ చేతికి మందు రాస్తూ, "పోనీలే, వాసన కొట్టడం ఆగింది," అంది. కాలిన చెయ్యి హాస్పిటల్‌లో చూపిద్దామంది మనీషా. కాగితాల ప్రకారం ఇంకా చైనాలోనే ఉన్న మనిషి పేరు అక్కడ ఎలా రాయాలో తేలక మానేశారు. పాస్‌పోర్ట్, ఫోన్, ఆఫీస్ లాప్‌టాప్ అన్నీ లియుజౌలో ఉండిపోయాయి.

మంగళవారం మనీషా తన లాప్‌టాప్‌లో శ్యామ్ మెయిల్ తెరిచింది. వీసా అప్రూవ్ అయింది. పాస్‌పోర్ట్ పట్టుకుని దరఖాస్తుదారు స్వయంగా చైనాలోని కాన్సులేట్‌కి రావాలట.

మనీషా మళ్ళీ చదివింది. "నాలుగు రోజులు, శ్యామ్. ఇంకో నాలుగు రోజులు నువ్వక్కడ ఉండుంటే..." అని, పక్కనే ఉన్న కృతిని చూసి నోరు నొక్కుకుంది.

శ్యామ్ కట్టు కట్టిన చేత్తోనే కూతురి జడ అల్లుతున్నాడు. వంకరగా వస్తోంది.

"నాన్నా, రేపు నన్ను బస్ దాకా డ్రాప్ చేస్తావా? అందరి డాడ్స్ వస్తారు."

"రేపు అమ్మతో వెళ్ళు బంగారం."

"మరి ఎల్లుండి?"

శ్యామ్ జడ విప్పి, మళ్ళీ మొదటి నుంచి అల్లడం మొదలుపెట్టాడు.